సదరు గ్రహం

మా ఓడలోకి మొట్టమొదట ఎక్కించిన పెట్టెలో ఏముందో ఇప్పటివాళ్లకు తెలియదు. సామాను జాబితా నా దగ్గరే ఉంటుంది కాబట్టి నాకు తెలుసు. ఒకటో నంబరు పెట్టెలో బంగారు పూత పూసిన కత్తెర, పద్దెనిమిది మూరల ఎర్ర పట్టు రిబ్బను, ఒక వెండి పళ్లెం, దాని మీద కప్పడానికి ముఖమల్ గుడ్డ ఉన్నాయి. విత్తనాలది తొమ్మిది వందల నలభై ఒకటో పెట్టె. అదీ మరిచిపోయి తలుపు వేస్తుంటే, ఎవరో పరిగెత్తుకొచ్చి లోపలికి విసిరారట. ఆ సంగతి చివరి పేజీలో పెన్సిలుతో రాసి ఉంది.

మనిషి భూమిని పిండినంత పిండుకుని, ఇక చుక్క కూడా రాలదని తేలాక, మరో గ్రహం మీద కొత్త బతుకు మొదలుపెట్టమని మా పూర్వీకులను ఈ ఓడలో సాగనంపాడు. రెండు వందల అరవై ఏళ్ల ప్రయాణం. దారిలో తరాలకు తరాలు పుట్టి పోయాయి. చివరికి గ్రహం చేరాం. ఓడ క్షేమంగా నేల మీద దిగింది. గాలి పరీక్షించారు, పీల్చవచ్చన్నారు. నీళ్లు పరీక్షించారు, తాగవచ్చన్నారు. మట్టి పరీక్షించారు, పండుతుందన్నారు.

నేను చెప్పబోయే సంగతులు మొదలయ్యేనాటికి ఇదంతా జరిగి నలభై నాలుగేళ్లయింది. అప్పటికి ఒక్క మనిషి కూడా ఓడ దిగలేదు. కారణం చాలా సులువైనది. గ్రహానికి ప్రారంభోత్సవం కాలేదు.

ఇందులో నవ్వడానికేమీ లేదు. భూమి మీద వంతెన కట్టడం పూర్తయ్యాక కూడా పెద్దలు వచ్చి రిబ్బను కత్తిరించేదాకా దానికి అడ్డంగా ముళ్లకంప వేసి, జనాన్ని కింద ఏట్లో మొలలోతు నీళ్లలో నడిపించేవారట. కొత్త ఆస్పత్రి గేటుకు తాళం వేసి ఉంటే నిండు చూలాలు గేటు బయటే కనేదట. నిప్పు పుట్టించినవాడి పేరు ఈనాడు ఎవరికీ తెలియదు గానీ, ఆ రోజు సభకు అధ్యక్షత వహించినవాడి పేరు ఏదో బండ మీద చెక్కే ఉంటారు. అలాంటి సంస్కృతిలోంచి వచ్చినవాళ్లం మేం. ఏరు దాటడానికే పెద్దమనిషి కత్తెర కావలసి వచ్చినప్పుడు గ్రహం మీద కాలు పెట్టడానికి అక్కర్లేదా?

ఓడ నేలకు దిగిన రోజే భూమండల మహాధ్యక్షులవారికి ఆహ్వానం పంపారు. కబురు భూమికి చేరడానికి ఇరవై రెండేళ్లు, జవాబు తిరిగి రావడానికి ఇరవై రెండేళ్లు. అంతవరకు తలుపు తీయకూడదన్నారు. గ్రహానికి పేరు పెట్టే హక్కు కూడా ముఖ్య అతిథిదే కాబట్టి కాగితాల మీద దాన్ని ‘సదరు గ్రహం’ అని రాసుకుంటూ వచ్చాం. కిటికీలన్నిటికీ పట్టు తెరలు వేశారు. ఆవిష్కరించవలసినదాన్ని ముందే చూసేస్తే ఇక ఆవిష్కరణ ఎందుకు?

నా పేరు తవిటయ్య. ప్రారంభోత్సవాల విభాగంలో సీనియర్ గుమాస్తాను. ఆగిపోయిన ఓడలోనే పుట్టాను, అందులోనే పెరిగాను. అప్పట్లో నేల నా కాళ్ల కింద యాభై అడుగుల లోతున ఉండేది. నలభై ఒక్కేళ్లలో నేను దాన్ని తొక్కింది లేదు, చూసిందీ లేదు.

మా విభాగం చేసిన ముఖ్యమైన పని శిలాఫలకం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని ఓడలో కొందరు గొణిగేవారు. గొణిగినవాళ్ల పేర్లు ఫలకం మీద లేవు, అందుకని గొణిగారు. మొదట అది రెండడుగుల రాయి. కొత్త కమిషనర్ వచ్చినప్పుడల్లా తన పేరూ, తన హయాంలోని విశిష్ట అతిథులూ, ఆత్మీయ అతిథులూ, ప్రత్యేక ఆహ్వానితుల పేర్లూ చేర్పించేవారు. పదకొండుమంది కమిషనర్లు మారేసరికి ఫలకం పద్నాలుగు అడుగుల ఎత్తు, తొమ్మిది అడుగుల వెడల్పు అయింది. అంత రాయిని ఆనించి నిలబెట్టడానికి ఓడలో ఒకే ఒక్క చోటు దొరికింది. అది ప్రధాన ద్వారం. ఇప్పుడు తలుపు తీయాలంటే ఫలకం పగలగొట్టాలి. ఆ ప్రతిపాదన ఇంతవరకు ఎవరూ చేయలేదు.

ఫలకం అట్టడుగున, బొటనవేలి గోరంత అక్షరాలతో, ‘ఏర్పాట్లు: తవిటయ్య’ అని ఉంది. రోజూ డ్యూటీకి వెళ్తూ వంగి ఒకసారి చూసుకునేవాణ్ణి. దాచడమెందుకు, నాకు చాలా గర్వంగా ఉండేది.

మా అక్క పైడమ్మది విత్తనాల గది. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆవిడే. మా పూర్వీకులది వంశధార ఒడ్డున ఏదో ఊరు. ఓడలో అందరి భాషా క్రమంగా ఫైళ్ల భాష అయిపోయింది గానీ, అక్క నాలుక మీద మాత్రం ఆ ఊరి మాట అలాగే మిగిలిపోయింది. విత్తనాలతో తప్ప ఎవరితోనూ మాట్లాడని మనిషికి భాష పాడు కావడానికి అవకాశం లేదు.

ఆవిడ పని చెప్పుకోవడానికి చిన్నది. చోళ్లనే రాగులు, గంటెలనే సజ్జలు, సామలు, కొర్రలు సంచుల్లో ఉంటాయి. విత్తనం ఊరికే ఉంచితే ముసలిదై చచ్చిపోతుంది. అందుకని మూడు దీపాల కింద మూడు మట్టి తొట్లలో గుప్పెడు గుప్పెడు పండించి కొత్త విత్తనం తీసుకుంటూ ఉండాలి. మూడు వందల ఏళ్లుగా అదే మట్టి. అది కూడా ఉద్యోగం చేసి చేసి అలసిపోయింది.

నలభై నాలుగో ఏట భూమి నుంచి జవాబు వచ్చింది. కమిషనర్ చక్రధరరావు గారు సభామందిరంలో అందరినీ సమావేశపరిచి, లేచి నిలబడి చదివారు.

“మీ ఆహ్వానము అందినది. సదరు గ్రహ ప్రారంభోత్సవమునకు విచ్చేయుటకు మహాధ్యక్షులవారు సూత్రప్రాయముగా అంగీకరించియున్నారు. పర్యటన తేదీ తదుపరి తెలియజేయబడును. అంతవరకు సదరు గ్రహమును ఎవ్వరును ఏ రూపమునను వినియోగించరాదు.”

చప్పట్లు మిన్నంటాయి. కొందరు ఏడ్చారు కూడా. ఆహ్వానం అక్కడికి చేరేసరికే ఆ పదవిలో నలుగురు మారారు. ఒప్పుకున్నది ఐదో ఆయన. జవాబు మాకు చేరేసరికి ఆయనా పోయే ఉంటారు. పదవికి చావు లేదు కాబట్టి ఆ విషయం ఎవరూ పట్టించుకోలేదు.

ఒక ఇంజనీరు లేచి, ఇప్పటి కొత్త ఓడల్లో బయలుదేరినా మహాధ్యక్షులవారు ఇక్కడికి చేరడానికి నూట అరవై ఏళ్లు పడుతుందని మనవి చేశాడు. మా ప్రోటోకాల్ డైరెక్టర్ శేషావతారం గారి ముఖం పాలిపోయింది.

“నూట అరవై ఏళ్లేనా? ఏర్పాట్లకు వ్యవధి చాలదండీ. యుద్ధప్రాతిపదికన మొదలుపెట్టాలి” అన్నారాయన.

యుద్ధప్రాతిపదికన మొదలైంది. ప్రతి సోమవారం ఉదయం పది నుంచి రెండు వరకు పూర్తి స్థాయి రిహార్సల్ జరగాలని, హోదా ఉన్న ప్రతి ఒక్కరూ హాజరు కావాలని ఉత్తర్వు వచ్చింది. మహాధ్యక్షులవారి పాత్ర కమిషనర్‌గారే పోషించేవారు. నా పని వెండి పళ్లెంలో కత్తెర పట్టుకుని ఎడమవైపు మూడడుగుల దూరంలో నిలబడటం. ఆ మూడడుగులూ టేపుతో కొలిచేవారు.

తర్వాత దండల విషయం వచ్చింది. శేషావతారం గారు వేలు పైకెత్తి ఒక మౌలికమైన ప్రశ్న లేవనెత్తారు.

“మహాధ్యక్షులవారు ఎప్పుడు వేంచేస్తారో తెలియదు. వేంచేసిన క్షణాన వారి మెళ్లో వేసే దండ తాజాగా ఉండాలా, వద్దా?”

ఉండాలని సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అంటే ఇప్పటినుంచి నూట అరవై ఏళ్లపాటు, పదిహేను రోజులకొకసారి, బంతిపూలు కోతకు వస్తూ ఉండాలి. ఓడలో పూలు పూయగల చోటు ఒక్కటే. విత్తనాల గదిలోని మూడు తొట్లను ‘అతిథి మర్యాదల పూదోట’గా మార్చాలని, ధాన్యపు సంచులను పాత రికార్డుల గదికి తరలించాలని ఉత్తర్వు తయారైంది. తయారుచేసింది నేనే. రికార్డుల గది పక్కనే బాయిలరు ఉంటుందని, ఆ వేడికి ఏ విత్తనమూ నెల బతకదని నాకు తెలుసు. ఆ కాలమ్ ప్రొఫార్మాలో లేదు.

కాగితం నేనే పట్టుకెళ్లాను. అక్క తొట్టి దగ్గర కూర్చుని ఏదో లెక్కపెడుతోంది.

“ఏట్రా తవిటీ, ఆ కాయితం? సదువు” అంది.

చదివాను.

“బంతిపూలా! పూలు తింతారేట్రా?”

“పైనుంచి వచ్చిన ఉత్తర్వు అక్కా.”

“పైనుంచంతే ఎక్కడ్నుంచిరా? పైన సుక్కలు తప్పితే ఏటీ లేవు కదా.”

ఆవిడ తడిగుడ్డ విప్పి చూపించింది. అందులో వంద చోడి గింజలు వరసగా పరిచి ఉన్నాయి. పదకొండింటికి మాత్రం సూదిమొనంత తెల్లని మొలకలు.

“కిందటేడు నూటికి నలభై మొలిసినాయి. ఈ ఏడు పదకొండు. ఒచ్చే ఏడు ఒక్కటీ మొలవదు. ఈ సారమంతా పోయిన మట్టిలో ఇంక అవ్వదురా. బతికున్న మట్టిలో, ఈ ఏడే ఎయ్యాల. నేదంతే చోడన్నది ఇంక మనుసులకి నేదు. అంబలి నేదు, సంకటి నేదు. దొంతర్లు దొంతర్లు ఫైళ్లున్నాయి కదా, అవి నానబెట్టుకు తాగుదురు గాని.”

“జవాబు వచ్చింది కదక్కా. నూట అరవై ఏళ్లలో…”

“ఇలా రా” అని నా చెయ్యి పట్టుకుని గది మూలకు తీసుకెళ్లింది.

అక్కడ పళ్లెమంత కిటికీ. తెరల గుడ్డ చాలక దాన్ని వదిలేశారట. నేను జీవితంలో మొదటిసారి సదరు గ్రహాన్ని చూశాను. ఎర్రటి నేల, రాత్రి వానకు తడిసి ఆవిర్లు కక్కుతోంది. దూరంగా ఒక గుట్ట, గుట్ట పక్కనుంచి సన్నటి ఏరు. ఎవరూ లేరు. మా కోసమే ఎవరో కడిగి, తుడిచి, చాప పరిచి కూర్చున్నట్టుంది. ఆవిష్కరణకు ముందు చూడటం నిబంధనలకు విరుద్ధమని గుర్తొచ్చి కళ్లు దించుకున్నాను.

“నలభై నాలుగేళ్ల బట్టి గుమ్మం కాడికొచ్చి కూకున్నాంరా. లోపలికి రండని నేల పిలుస్తంది. ఒరే, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంతారు. మన పూజారులు దేవుడ్ని కూడా లైన్లో నిలబెట్టీసినారు” అంది అక్క.

రిహార్సల్‌లో భూమిపూజ కూడా ఉంది. అందుకు సదరు గ్రహపు మట్టే కావాలి. ఓడ అడుగున నమూనాల కోసం ఒక చిన్న తలుపు, దాని దగ్గర గిలక తాడుకు కట్టిన ఇనప తొట్టి ఉన్నాయి. మనిషి దిగకుండా మట్టిని పైకి లాగవచ్చు. అలా ఒక తొట్టెడు మట్టి తెప్పించి, వెండి పళ్లెంలో పోసి, ముఖమల్ గుడ్డ కప్పి, ఆరిపోకుండా ఉండటానికి వారం రోజులు విత్తనాల గదిలో ఉంచారు. అక్కడ ఉంచమని సూచించినవాణ్ణీ నేనే. ఎందుకు సూచించానో ఇప్పటికీ నాకు నేనే చెప్పుకోలేదు.

సోమవారం నాడు కమిషనర్‌గారు గంభీరంగా గుడ్డ తీశారు. పళ్లెంలో వేలెడెత్తు పచ్చటి మొలకలు తొమ్మిది నిలబడి ఉన్నాయి.

శేషావతారం గారు చేతిరుమాలుతో నుదురు తుడుచుకున్నారు.

“ఎవరి అనుమతితో మొలిచింది ఇది?” అన్నారు కమిషనర్.

“సార్, ఇది చాలా తీవ్రమైన విషయం. ఇది సదరు గ్రహపు మట్టి. అంటే, ప్రారంభోత్సవానికి ముందే సదరు గ్రహం పనిచేయడం మొదలుపెట్టింది” అన్నారు శేషావతారం గారు.

అక్కను పిలిపించారు. చేతులు కట్టుకుని నిలబడింది గానీ, తల దించలేదు.

“నానే నాటినాను బాబూ. ఇరవై గింజలేస్తే తొమ్మిది మొలిసినాయి. నా తొట్లో అయితే రెండు మొలిసేవి.”

“మొలిపించమని మీకు ఆదేశాలున్నాయా?”

“విత్తనం కదా బాబూ, మట్టిలో పెడితే మొలుస్తాది. తవరు కుర్సీలో కూకుంతే మీటింగు పెట్టినట్టే.”

వెనక వరసలో ఎవరో నవ్వారు. నవ్వినవారిపై విచారణకు ఆదేశించారు. మొలకలను సాక్ష్యాధారాలుగా స్వాధీనం చేసుకుని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క చీటీ కట్టి, కవరులో పెట్టి, లక్కతో సీలు వేశారు. మూడో రోజుకు అవి వాడి నల్లబడిపోయాయి. మా అక్క ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. కన్నపిల్లలు పోయినట్టు ఏడ్చింది. నాకు సిగ్గేసింది. సిగ్గుపడుతూనే సీళ్ల రిజిస్టరులో సంతకం పెట్టాను.

ఆ వారాంతాన అక్క నన్ను మళ్లీ పిలిచింది.

“సోమారం నాడు మీ హోదాలోల్లందరూ మీటింగు ఆల్లోనే ఉంతారు కదా?”

“పది నుంచి రెండు దాకా.”

“ఆ మట్టి తొట్టి మనిసిని మోస్తాదా?”

నాకు అర్థమైంది. “తాడు తిప్పడానికి పైన ఒకరుండాలక్కా.”

“నువ్వున్నావు కదరా.”

“నాకు కత్తెర పళ్లెం డ్యూటీ ఉంది.”

అక్క నా ముఖంలోకి చూసింది. కోపంగా చూసినా బాగుండేది. “అవున్రా, మర్చిపోనాను. పళ్లెం పట్టుకోడానికి మనిసి గావాల కదా” అంది.

తాడు తిప్పింది వంటశాల అసిరయ్య. సోమవారం పదకొండున్నరకు, సభామందిరంలో కమిషనర్‌గారు నాలుగోసారి రిబ్బను కత్తిరిస్తుండగా, మా అక్క మూడు సంచులతో, ఒక గునపంతో, వైరు కట్టిన మాట్లాడే డబ్బా ఒకటి మెళ్లో వేసుకుని సదరు గ్రహం మీద దిగింది. మానవజాతి చరిత్రలో ఈ ఘట్టం జరిగిన సమయానికి మానవజాతి మొత్తం మరోచోట చప్పట్లు కొడుతోంది.

తెలిసిన వెంటనే అత్యవసర సమావేశం పెట్టారు. కమిషనర్ మైకు అందుకున్నారు.

“పైడమ్మగారూ, తక్షణమే పైకి రావలసిందిగా మిమ్మల్ని ఆదేశించడమైనది. మీరు వేసిన అడుగులు చెల్లవని ఇందుమూలముగా ప్రకటించడమైనది.”

డబ్బాలోంచి గునపం చప్పుడు వినిపించింది. తర్వాత అక్క గొంతు.

“సెల్లకపోతే పోనీండి బాబూ. కాళ్ల కింద మెత్తగుంది. ఎండ కూడా ఈపు మీద బాగా తగుల్తంది. తవరు కూడా ఓపాలి దిగండి, నడుంనొప్పులు పోతాయి.”

మైకు కట్టేశారు. పాదముద్రలను చెరిపేస్తే ఎవరూ దిగనట్టే లెక్క అని ఒక డిప్యూటీ కమిషనర్ సూచించాడు. పొడవాటి చీపురుతో ఊడిస్తే సరిపోతుందన్నాడు. ఊడ్చేవాడు కిందికి దిగాలి కదా, వాడి పాదముద్రలెవరు ఊడుస్తారని మరొకరు అడిగారు. దాని మీద రెండు గంటలు చర్చ నడిచింది. చివరికి శేషావతారం గారు లేచారు.

“అయ్యా, మనం అసలు విషయం చూడటం లేదు. ఒకసారి అడుగుపడ్డ గ్రహం వాడిన గ్రహమే. వాడిన గ్రహానికి ప్రారంభోత్సవం చేయమని మహాధ్యక్షులవారిని అంతదూరం నుంచి రప్పించడం వారిని అవమానించడం కాదా? రేపు చరిత్ర ఏమంటుంది? సెకండ్ హ్యాండ్ గ్రహం అంటగట్టారనదా?”

అందరి తలలూ వంగిపోయాయి. ఇంజనీరును అడిగితే, నూట తొంభై ఏళ్ల ప్రయాణ దూరంలో ఇంకొక గ్రహం ఉందని, దాని గాలి పీల్చగలమో లేదో తెలియదని, ఇంధనం అటు వెళ్లడానికి సరిగ్గా సరిపోతుందని చెప్పాడు.

“అక్కడ ఎవరైనా కాలు పెట్టారా?” అని కమిషనర్ అడిగారు.

“లేదు సార్.”

“అయితే అది మన హోదాకు తగిన గ్రహం.”

ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందంటారు. మేం స్వర్గం గుమ్మంలో కూర్చుని, అది ఎంగిలైందని మరో స్వర్గానికి ఎగరడానికి ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆ గ్రహం చేరే రోజు మాలో ఒక్కరూ ఉండరు. అయినా చప్పట్లు అయిదు నిమిషాలు ఆగలేదు. తీర్మానం ప్రతి నేనే రాశాను, చేతిరాత బాగుంటుందని.

వెంటనే బయలుదేరలేదు. సదరు గ్రహానికి వీడ్కోలు సభ జరపాలి. దానికి ఏర్పాట్లకు అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ సోమవారం రిహార్సల్ జరుగుతూనే ఉంది, అడుగున ఇనప తొట్టి తిరుగుతూనే ఉంది. అసిరయ్య భార్య దిగింది. గొట్టాలు బాగుచేసేవాళ్లు దిగారు. బట్టలు కుట్టే దాలమ్మ, మంత్రసాని, మరుగుదొడ్లు కడిగేవాళ్లు, వాళ్ల పిల్లలూ దిగారు. మొత్తం రెండు వందల పన్నెండుమంది. ఆఖరున అసిరయ్య కూడా వెళ్లిపోయాడు. ఆయా విభాగాల అధికారులు హాజరుపట్టీలో వాళ్లందరినీ ‘వచ్చారు’ అనే రాసుకుంటూ పోయారు. రాలేదని రాస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఒక మంగళవారం ఉపాహారం రాకపోయేసరికి సంగతి బయటపడింది. రికార్డు ప్రకారం వంటవాళ్లు వంటగదిలోనే ఉన్నారు కాబట్టి, ఉపాహారం కూడా అందినట్టే భావించాలని కమిషనర్ రూలింగ్ ఇచ్చారు.

నేను అప్పుడప్పుడు విత్తనాల గది కిటికీ దగ్గరకు వెళ్లేవాణ్ణి. గదిలో బంతిపూలు విరగబూసి ఉన్నాయి. బయట, ఓడ నీడ దాటి, చాపంత పచ్చదనం కనిపించేది. కొన్నాళ్లకు అది పెళ్లిపందిరంత అయింది. తర్వాత రాగిరంగుకు తిరిగింది.

బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం నా బల్ల మీది మాట్లాడే డబ్బా గరగరలాడింది.

“తవిటీ, చోడి కోసీసినాం. గుట్టవతల ఇల్లేసుకున్నాం, మీ ఓడ మంట మాకేటీ తగల్దు. పొలం కాలితే కాల్తాది, విత్తనం దాసినాను. ఎంత మెత్తటి మట్టిరా, గింజేస్తే సెట్టు, సెట్టుకి నాలుగు ఎన్నులు. దాలమ్మ కూతురికి నొప్పులొస్తన్నాయి. మొదటి కానుపు. ఒరే, నీ కోసమని తొట్టి పైకి పంపుతన్నాను. తాడు మేం కిందనుంచి పట్టుకుంతాం. రా.”

డబ్బా పట్టుకుని ఓడ అడుగుకి వెళ్లాను. తొట్టి చిన్న తలుపు దగ్గర వేలాడుతోంది. అందులో పిడికెడు చోడి వెన్నులు, అరిటాకులాంటి ఏదో ఆకులో చుట్టిన వేడి సంకటి ముద్ద. కింద నలుగురైదుగురు తాడు పట్టుకుని నిలబడి పైకి చూస్తున్నారు. మా అక్క ఎండకు నల్లబడింది. చెయ్యి కళ్లకడ్డం పెట్టుకుని చూస్తోంది. దిగడానికి నాకు కావలసింది ఒక్క అడుగు.

“అక్కా, రేపు వీడ్కోలు సభ ఉంది. అయ్యాక చూద్దాం” అన్నాను.

వీడ్కోలు సభ అయ్యేది ఓడ లేవడంతోనే. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. నిజం చెప్పాలంటే నేను ఆ క్షణంలో ఆలోచించింది ఫలకం గురించి. మూడు వందల ఏళ్ల వంశంలో మా ఇంటిపేరుగానీ, ఒంటిపేరుగానీ రాతి మీదికెక్కింది నాతోనే. దిగినవాళ్లకు అక్కడ రాళ్లున్నాయి గానీ, చెక్కేవాడు లేడు.

కింద అక్క చెయ్యి దించేసింది. డబ్బాలో ఆవిడ గొంతు మామూలుగానే వినిపించింది.

“సంకటి సల్లారిపోతాది. తినీ.”

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఓడ పోతూనే ఉంది. వంటవాళ్లు లేరు కాబట్టి బిస్కట్ల పిండి నీళ్లలో కలుపుకుని తాగుతున్నాం. గొట్టాలు కారుతున్నాయి, వాటి మీద మూడు కమిటీలు పనిచేస్తున్నాయి. బంతిపూలు మాత్రం పదిహేను రోజులకొకసారి తప్పకుండా కోతకు వస్తాయి. దండ గుచ్చుతాం, వాడిపోతుంది, పారేస్తాం.

అక్క కబుర్లు కొన్నేళ్లు వస్తూ ఉండేవి, అంతకంతకూ ఆలస్యంగా. దాలమ్మ మనవరాలు నడిచిందని, ఏటికి అడ్డంగా దుంగలేసి వంతెన కట్టుకున్నారని చెప్పింది. ఆఖరి దుంగ ఇంకా సరిగ్గా పడకుండానే పిల్లలు దాని మీద పరిగెత్తారట. గ్రహానికి ఏం పేరు పెట్టారక్కా అని నేను అడిగిన ప్రశ్నకు జవాబు రావడానికి ఏడాది పట్టింది. “నేలకి పేరేట్రా, ఊరికి పెట్టుకున్నాం” అంది. ఊరి పేరు చెప్పేలోపల మాట తెగిపోయింది. అదే ఆఖరి కబురు.

నిన్న కొత్త కమిషనర్‌గారు వచ్చారు. ఆయన పేరు, ఆయన ఆత్మీయ అతిథుల పేర్లు ఫలకం మీద చేరాలి. రాయి పెంచడానికి ఇక ఓడలో చోటు లేదు. అట్టడుగు వరస చెరిపేసి ఆ స్థలం వాడుకోవాలని శేషావతారం గారు ప్రతిపాదించారు. ఆయనకిప్పుడు తొంభై ఏళ్లు, పదవీకాలం పొడిగిస్తూనే ఉన్నారు. అట్టడుగు వరసలో ఉన్న వ్యక్తికి అభ్యంతరమేమైనా ఉందేమో కనుక్కుని ఫైలులో రాయవలసిందిగా నన్నే ఆదేశించారు.

బల్ల సొరుగు తీశాను. చోడి వెన్నులు అందులోనే ఉన్నాయి. వేలితో నలిపి చూశాను. గింజలు రాలాయి గానీ, తేలికైపోయాయి. వేయడానికి మట్టి లేదు, తొట్లలో బంతిపూలున్నాయి.

సొరుగు మూసి, కలం తీసి, అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టాను.